వియ్యంకుడి లినక్స్ మీద నేను తీసిన ఆరా

మా వియ్యంకుడు పోయారని పోయిన మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. ఖాజాగూడ నుంచి, నేను ఎరగని గొంతు. "పెద్దాయన పోయిండు సార్, గుండె ఆగింది, జల్ది రాండ్రి" అని ఫోన్ పెట్టేయబోయాడు. ఆగు నాయనా అన్నాను. ఏ పెద్దాయన, నువ్వెవరు, ఆ ఇంటి గేటు ఏ రంగు అని వరసగా అడిగాను. "రంగేడిది సార్, తుప్పు వట్టింది గదా" అన్నాడు. అప్పుడు నమ్మాను. నమ్మాక కుర్చీ వెతుక్కుని కూర్చోవలసి వచ్చింది.

చావు కబురుకు కూడా సాక్ష్యం అడిగే మనిషి అని మీరు నన్ను అనుకోవచ్చు. అనుకోండి. ప్రతి శనివారం మణికొండ గుడి మంటపంలో నా ప్రవచనం వినేవాళ్లకు ఇది కొత్త కాదు. నేను ఏ గురువు దగ్గరా కూర్చుని చదువుకోలేదు. ఇనుప సామాను కొట్టులో గల్లాపెట్టె పక్కన గ్రంథం పెట్టుకుని, ఒక్కో శ్లోకం కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఎవరు ఏం చెప్పినా ముందు అనుమానమే వస్తుంది. అనుమానం పాపమని అంటారు కొందరు పెద్దలు. మూడడుగుల నేలే కదా అని ధారపోసినవాడు ఎక్కడికి దిగిపోయాడు? బంగారు చర్మంతో లేడి ఉంటుందా అని తమ్ముడొక్కడు అనుమానపడ్డాడు. అతని మాట చెవిన పెట్టి ఉంటే అంత యుద్ధం జరిగేదా? అనుమానించినందుకు చెడినవాళ్లను నాకు చూపించండి, అప్పుడు మాట్లాడతాను.

మన సత్సంగం పత్రికలో ఈ పేజీ ప్రవచనానిది. ఈ నెల మాత్రం ఒక మనిషి గురించి రాస్తున్నాను. పేరు రాయను. నాకు బావగారు, మా అమ్మాయికి మామగారు. అంత తెలిస్తే చాలు.

ఆ రోజు నేను వెళ్లేసరికి వాళ్ల ఇంటి ముందు కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మెడలో ప్లాస్టిక్ కార్డులు, టక్ చేసిన చొక్కాలు. చుట్టాలు కారు. చావింటి ముందు ముక్కూ మొహం తెలియనివాళ్లు అంతమంది ఎందుకున్నారని నాకు ఒళ్లు మండింది. స్థలం గొడవేమోననుకున్నాను. ఈ మధ్య ఆ వైపు ఎవరు ఏ ఇంటి ముందు నిలబడినా స్థలం గొడవే. ఒకణ్ని పక్కకు పిలిచి అడిగాను.

"మా బయోడేటా ఈ పెద్దాయనే టైపు కొట్టిండు సార్. గా పెద్ద బిల్డింగుల సెక్యూరిటీకి తీసుకున్నరు నన్ను."

ఇంకొకణ్ని ఇంకో మూలకు తీసుకెళ్లి అడిగాను. అతనూ అదే చెప్పాడు. ఇద్దరినీ వేరువేరుగా అడిగాను కాబట్టి నమ్మాను.

ఆయన అసలు పని రేడియోలు బాగుచేయడం. ఖాజాగూడలోనే పుట్టి, ఆ బండల మధ్యే పెరిగిన మనిషి. చెరువు వైపు పోయే దారిలో మడిగె, అంటే చిన్న కొట్టు, ఉండేది. రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. గుట్టల అవతల గుండ్రటి భవనం లేస్తున్న రోజుల్లో, దాంట్లో ఉద్యోగాలిస్తారని ఊళ్లో పిల్లలంతా కాగితాలు పట్టుకుని తిరగడం ఆయన చూశారు. చిన్నప్పుడు టైపు నేర్చుకుని లోయర్ పాసైన చేతులు. ఒక కంప్యూటర్ కొని మడిగెలో పెట్టి, 'ఇచ్చట బయోడేటాలు టైపు చేయబడును' అని బోర్డు రాయించారు.

మనిషికి ఒక అలవాటు ఉండేది. ఏది చేతికొచ్చినా మూత తీసేవారు. నిశ్చితార్థానికి మేమిచ్చిన గోడ గడియారాన్ని అందరి ఎదురుగానే వెనక్కి తిప్పి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి విప్పారు. మా ఆవిడ తీసుకెళ్లిన మిఠాయి డబ్బా తెరిచి, వాసన చూసి, "నెయ్యి గాదు చెల్లెమ్మా, డాల్డా. మీరు మోసపోయిన్రు" అన్నారు. ఆమెకు ఆ డాల్డా మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పెళ్లయ్యాక ఒకసారి మా ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే మా మిక్సీని ముక్కలు ముక్కలుగా విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు. అప్పటినుంచి అది చప్పుడు చేయడం మానేసింది. "మూత తియ్యకుండ దేన్నీ మెచ్చుకోవద్దు బావగారు" అనేవారు. దేవుడి విషయంలోనూ అంతేనా అని అడిగాను ఒకసారి. "ఆయనకు మూత యాడుందో దొరకలే ఇంకా" అన్నారు. అది భక్తో, నా మీద విసురో నేను తేల్చుకోలేకపోయాను.

ఇక అసలు సంగతికి వస్తాను. సంబంధం మధ్యవర్తి ద్వారా వచ్చింది. అబ్బాయికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. మాది సీమ, వాళ్లది ఈ గడ్డే. మా కడప చుట్టాలు మొహాలు ముడిచారు. నేను ముడవలేదు, ముందు చూద్దామన్నాను. ఇల్లు చూడ్డానికి నేను, మా ఆవిడ వెళ్లాం. చాయ్ ఇచ్చారు. మాట పొడిగించడానికి మడిగెలోకి తీసుకెళ్లి కంప్యూటర్ ఆన్ చేసి చూపించారు.

కంప్యూటర్లు నేను చూడనివి కావు. బ్యాంకులో చూశాను, కంట్రాక్టర్ల ఆఫీసుల్లో చూశాను. వాటిలో కిటికీలు తెరుచుకుంటాయి, రంగులుంటాయి, చేత్తో మౌసును జరిపితే తెర మీద ఒక బాణం జరుగుతుంది. ఇక్కడ అవేవీ లేవు. నల్లటి తెర. దాని మీద తెల్లటి అక్షరాలు, మామూలు వాటికన్నా బాగా పెద్దవి, వరసలు వరసలుగా పైకి పాకుతున్నాయి. ఇంగ్లీషు కూడా నేను కూడబలుక్కుని నేర్చుకున్నదే. ఒక వరస చివర ఒక మాట కనిపించింది. కూడబలుక్కున్నాను. డీమన్. దాని కింద వరసలో మళ్లీ డీమన్. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"ఏంది బావగారూ ఇది? పెళ్లి మాటలకు వచ్చిన ఇంట్లో దయ్యాలను లేపుతాండారా?"

"కూసోండ్రి బావగారు. ఎనుక పని జేసే ప్రోగ్రాములకు గా పేరు వెట్టిన్రు, గవి మంచి దయ్యాలు. పని వడేదాంక మూలకు కూసుంటయి."

"దయ్యంలో మంచేంది, చెడ్డేంది?"

"మీ కథలల్ల కావలి గాసే యక్షులు లేరా? గట్లనే అనుకోండ్రి."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయపడిందనుకున్నాను. నవ్విందని ఇంటికెళ్లాక చెప్పింది.

నేను కూర్చోలేదు. "ఇది అందరి దగ్గర ఉండేది కాదు గదా?"

"గాదు. దీని పేరు లినక్స్."

"ఎంత పెట్టి కొన్నారు?"

"కొనలే. కంప్యూటర్ పుస్తకం తోని డిస్కు ఊర్కెనే ఇచ్చిన్రు. మా పిలగాని దోస్తు ఎక్కించిండు."

"ఊరికే ఇచ్చినారా? ఎవరు?"

"ఎవరో. దేశదేశాలల్ల ఉన్నరంట. ఒకరి మొఖం ఒకరు సూడలేదంట. తలా ఇంత రాసి అందర్కి ఇస్తరంట."

మీరే చెప్పండి. మొహం చూపించనివాళ్లు, ఊరు పేరు తెలియనివాళ్లు, డబ్బు తీసుకోకుండా ఇంట్లోకి పంపిన సరుకు. దాని నిండా దయ్యాలు. పిల్లనివ్వబోయే ఇంట్లో ఇది చూసి ఏ తండ్రి నిమ్మళంగా చాయ్ తాగుతాడు?

"అందరూ వాడేది వదిలిపెట్టి మీరెందుకు దీనికి మారినారు?" అని అడిగాను.

ఆయన వెంటనే చెప్పలేదు. తెర వైపు చూశారు. తర్వాత, "దీని మూత తియ్యొచ్చు బావగారు. లోపల ఏం రాసిన్రో సదువుకోవచ్చు" అన్నారు. ఆయన స్వభావానికి సరిపోయే జవాబే. కానీ జవాబుకు ముందు ఆగారు. ఆ ఆగడం నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆయన ఊరుకోలేదు. "ఇంకో ముచ్చట, మీకు నచ్చుతది. దీంట్ల ఫైళ్లు దాచే చెట్టు తలకిందుల ఉంటది. వేరు పైన, కొమ్మలు కిందికి. ఏదున్నా ఆ వేరు నుంచే దిగాలె." నా ఒళ్లు గగుర్పొడిచింది. వేరు పైకి, కొమ్మలు కిందికి ఉన్న చెట్టు మీద నేను ఎన్ని శనివారాలు మాట్లాడానో మీకు తెలుసు. కానీ ఆ గగుర్పాటు వెనకే రెండో ఆలోచన వచ్చింది. ఎక్కడికెళ్లినా నా చేతిలో ఉండే గ్రంథం చూసి, నాకు తీపిగా ఉండే మాట వెతికిపెట్టుకున్నాడా ఈయన? నేను ఆయన గురించి ఆరా తీసేలోపే ఆయన నా గురించి తీశాడా?

మా వైపు సంబంధం కుదరాలంటే నలుగురిని అడుగుతారు. తాగుడుందా, కోపమా, ఇంటి ఆడవాళ్లతో ఎలా మాట్లాడతారు. అవన్నీ అడిగించాను. అబ్బాయి నికార్సైనవాడని తేలింది. తేలనిది ఒక్క ఆ కంప్యూటరే. అలాంటి కంప్యూటర్ ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు, ఎందుకు పెట్టుకుంటారు? దీనికి జవాబు వచ్చేదాకా తాంబూలాలు లేవని ఇంట్లో చెప్పేశాను. మా అమ్మాయికి అబ్బాయి నచ్చాడు. ఆ సంగతి మొహంలోనే తెలుస్తోంది. "అబ్బాయి మీద తీసిన దానికన్నా ఆ పెట్టె మీద ఎక్కువ ఆరా తీస్తున్నారు నాన్నా. పెళ్లి నాకా, దానికా?" అంది. పిల్ల నవ్వుతూనే అంది గానీ కళ్లల్లో నవ్వు లేదు.

మొదట గోపన్‌పల్లి వెళ్లాను. యూనివర్సిటీలో చదివే ఒక కుర్రాడు మా కస్టమర్ ఇంట్లో అద్దెకుంటాడు, గోదావరి జిల్లావాడు. అతని గదిలోనూ అదే నల్లటి తెర.

"మామూలుది మాటిమాటికీ ఆగిపోతుందండి. మళ్లీ ఆపి వెయ్యాలి. ఇదైతే నెల రోజులైనా ఆపక్కర్లేదండి" అన్నాడు.

"నెల రోజులు ఆపకుండా నువ్వు చేసే పనేంది నాయనా?"

"పనేం లేదండి. ఆపక్కర్లేదు, అంతే."

తర్వాత కంప్యూటర్లు బిగించి అమ్మే అతని దగ్గరికి వెళ్లాను. పాతబస్తీ మనిషి. "ఏం జెప్పాలె సార్. నకలు డిస్కులు ఏసుకుంటె ఎప్పుడు ఎవడొచ్చి పట్టుకుంటడో అని పరేషాన్. దీనికి గా ఫికర్ లేదు. ముఫ్త్. ఎంతమందికైనా ఎక్కియ్యొచ్చు."

"ముఫ్త్‌గా ఎట్లిస్తారయ్యా?"

"గదే నాక్కూడ సమజ్ గాలే" అన్నాడు. నన్ను మించిన అనుమానం అతని మొహంలో కనిపించింది. నాకు కాస్త తృప్తి కలిగింది.

చివరికి మా సీమవాడినే పట్టుకున్నాను. పెద్ద భవనంలో ఇంజనీరు, నా ప్రవచనాలకు తల్లిని తీసుకొచ్చేవాడు. అంతా విని గొంతు తగ్గించాడు. "ఆఫీసులో అయితే సరే అన్నా. ఇంట్లో అది పెట్టుకునేవాళ్లు రెండు రకాలు. ఒకడు ఉద్యోగం మారాలని నేర్చుకుంటాండేవాడు."

"ఆయనకు ఈ వయసులో ఏం ఉద్యోగం? రెండో రకం?"

"ఏదో దాచుకునేవాడు."

ఈ మాట నాకు గుచ్చుకుంది. వియ్యంకుడు ఆ రోజు జవాబుకు ముందు ఆగడం గుర్తొచ్చింది.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా ఖాజాగూడ వెళ్లాను. మడిగెలో ఒకావిడ తన మరిదికి బయోడేటా కొట్టించుకుంటోంది. వియ్యంకుడు మీటల వైపు చూడకుండా పది వేళ్లతో కొడుతున్నారు. నేను గడప దాటి ఆయనకు ఎడమ పక్కన, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి కొంగు సర్దుకుంది. ఆయన చూడలేదు. ఆవిడ కాగితం తీసుకుని వెళ్లిపోయింది. అప్పుడూ ఆయన ఇటు తిరగలేదు. నన్ను చూసి చూడనట్టు నటిస్తున్నారా అనుకున్నాను. పెళ్లికొడుకు తండ్రి బెట్టు కాబోలు. కోపం వచ్చి, చేతిలో గ్రంథాన్ని బల్ల అంచున పెట్టాను. ఆయన స్విచ్చు కోసం ఎడమ చెయ్యి చాచారు. చెయ్యి తగిలి గ్రంథం కింద పడింది.

"అయ్యో, పుస్తకం లెక్కున్నది" అంటూ వంగారు.

ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకం. ఆయన పాదం పక్కనే ఉంది. ఆయన చెయ్యి స్టూలు కింద దేవులాడింది. గోడ వారన దేవులాడింది. వైర్ల మధ్యకు వెళ్లి వచ్చింది. చివరికి పాదానికే తగిలి దొరికింది. పైపంచెతో తుడిచి కళ్లకద్దుకున్నారు, ఒక కంటికి, తర్వాత రెండో కంటికి. పుస్తకం కిందపడితే మనమంతా చేసేదే. కానీ మనం అద్దుకుని తీసేస్తాం. ఆయన తీయలేదు. పుస్తకం కళ్ల మీదే ఉంచుకుని, "ఎవరున్నరు?" అని అడిగారు.

"నేనే" అన్నాను.

"బావగారా." పుస్తకం కిందికి దించారు. "ఎంతసేపాయె వచ్చి?"

"చాలాసేపైంది. ఎన్నాళ్లనుంచి ఇట్లుంది?"

దాచలేదు. "రెండేండ్లాయె. నీటికాసులని చెప్పిన్రు దవాఖానల. కంటి నరం లోపలకెల్లి సచ్చిపోతదంట. నడిమిట్ల సూపున్నది, పక్కలు పోయినయి. గోడకు బొక్క వొడిసి అందులకెల్లి సూసినట్టు ఉంటది."

"మరి ఈ కంప్యూటర్?"

"మొదలు అందర్ది ఉన్నట్టే ఉండె. గా బాణం యాడుందో దొరకకపోవు బావగారు. తెరంత దేవులాడుడే. గిరాకి ఎదురుంగ కూసుని సూస్తుంటే నేను బాణం కోసం దేవులాడుడు, సిగ్గయితుండె. దీంట్ల బాణం తోని పని లేదు. ఏం గావాల్నో మాట కొట్టాలె, చేస్తది. నేను కొట్టేది ఎప్పుడూ కింది వరసలనే ఉంటది, ఎతికే పని లేదు. అక్షరాలు ఎంత పెద్దగ గావాల్నంటె అంత చేసుకోవచ్చు. మాట చిన్నది. రెండక్షరాలు, మూడక్షరాలు. మీ బీజాక్షరాల లెక్క."

మాట చెబితే పని జరగడం. వేలు పెట్టి చూపించడం కాదు, మాట. ఇంకో రోజైతే ఆ ఒక్క ముక్క మీద నేను రెండు గంటలు ప్రవచనం చెప్పేవాణ్ని. ఆ రోజు నాకు కోపం తప్ప ఏమీ లేదు.

"మూత తియ్యొచ్చని మారినా అన్నారు మాకు."

"గది గూడ నిజమే గద."

"సగం నిజం. మిగిలిన సగం ఎవరికి చెప్పినారు? కొడుక్కు చెప్పినారా?"

"చెప్పలే. చెప్తే పెండ్లి వద్దని నా కాడనే కూసుంటడు. మీకు చెప్తే, రేపు పిలగానికి గూడ వస్తదా అని లేసి పోతరు. ఎటు తిప్పినా పెండ్లే ఆగుతది. జెప్పుండ్రి, మీరైతే ఏం చేస్తుంటిరి?"

నేను గట్టిగానే మాట్లాడాను. పక్క మడిగెవాళ్లు తొంగిచూశారు. "కళ్లు లేని రాజు కొడుకు మీద ప్రేమతో నోరు మూసుకున్నాడు. ఆ వంశం ఏమైందో తెలుసా మీకు?"

ఆయన గ్రంథం ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు. "ఆ రాజుకు మొఖం మీద అడిగే మనిషి లేకుండె బావగారు."

"ఎందుకు లేడు? తమ్ముడున్నాడు. అడిగినాడు. రాజు వినలేదు."

"అట్లనా. అయితె నేను ఇంటున్న. ఏం చెయ్యమంటరో చెప్పుండ్రి."

వాదనలో నన్ను గెలిచినవాళ్లు తక్కువ. ఇది గెలుపు కూడా కాదు, ఆయన వాదించలేదు. "మీ కొడుక్కు మీరు చెప్పండి, నా ముందర. మా అమ్మాయికి నేను చెప్తా. ఆ తర్వాత వాళ్లిద్దరి ఇష్టం" అన్నాను.

అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. నేను వెళ్లిపోతే చెప్పకపోవచ్చని అనుమానం. తండ్రి చెప్పింది విని అబ్బాయి చాలాసేపు ఆ నల్లటి తెరనే చూశాడు. "నేను సరదాకు ఎక్కిచ్చుకున్నవనుకున్న నాయినా. పాతకాలపు మనిషివి, కొత్తది నేర్వవని ఎన్ని మాటలన్న నిన్ను" అన్నాడు. తండ్రి, "అన్నవులే, మంచిగనే అన్నవు. కంటి ముచ్చట బయట వడకుంట నాక్కూడ గా మాటలే కావాలె అప్పుడు" అన్నారు.

మా అమ్మాయికి ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "మామగారు దాచినందుకా మీ కోపం, మీరు ముందే కనిపెట్టలేకపోయినందుకా?" అని అడిగింది. తర్వాత ఒకటే షరతు పెట్టింది, అబ్బాయి కళ్లు పరీక్ష చేయించుకోవాలి, ఆ పరీక్షకు తనూ వెళుతుంది. పెళ్లికి ముందు అలా వెళ్లడమేమిటని మా ఆవిడ గొణిగింది. నేనూ వెళ్లాను. డాక్టరు మాట అబ్బాయి నోటి నుంచి వింటే నాకు సరిపోదు. ఇప్పటికైతే ఏ లక్షణమూ లేదు, తండ్రికి ఉంది కాబట్టి ఏటా చూపించుకోవాలి, తొందరగా పట్టుకుంటే చుక్కల మందుతో ఆపుకోవచ్చు అన్నాడు డాక్టరు. రేపటికి గ్యారంటీ ఏమిటని అడిగాను. "మీ కళ్లకు మాత్రం ఎవరిచ్చారు గ్యారంటీ?" అన్నాడు. బయటికొచ్చాక మా అమ్మాయి, "మీ షుగర్‌కు మూడు నెలలకొకసారి పోతున్నారు గదా. ఇది ఏడాదికొకసారే. నేను తీసుకెళ్తాలే" అంది. అదే ఆమె అంగీకారమని మా అందరికీ అర్థమైంది.

మీలో కొందరు, అంత అనుమానం ఎందుకు పడ్డావు, పాపం పెద్దమనిషి అనవచ్చు. నేను ఆ మాట ఒప్పుకోను. ఆయన దాచారు, నేను అడిగాను. అడగకపోతే ఆ తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు చెప్పుకోకుండా ఎన్నేళ్లు గడిపేవారో. ఇంకొకటి కూడా చెబుతాను. ఆ లినక్స్ మీద నా అనుమానం ఈ రోజుకూ పోలేదు. ఎవరో, ఎక్కడో, మొహం చూపకుండా ఇచ్చింది. ఒకాయన చూపు పోతున్నప్పుడు ఆయన చేతిలో పని నిలబెట్టింది, అది నా కళ్లతో చూశాను. ఎందుకిచ్చారో మాత్రం నాకు తెలియదు. తెలిసేదాకా మెచ్చుకోను. ఈ మాట ఆయనకే చెబితే తల ఊపారు. "మంచిగన్నరు. నేను గూడ మెచ్చుకుంటలేను. వాడుకుంటున్న" అన్నారు.

పెళ్లయ్యాక నేను వారానికొకసారి అటు వెళ్లేవాణ్ని. వెళ్లిన ప్రతిసారీ తెర మీద అక్షరాలు కాస్త పెరిగి ఉండేవి. "జనం పెరిగితె మీ గొంతు పెరుగుతది గద. నా అక్షరాలు గూడ అట్లనే" అని నవ్వేవారు. చివరికి తెర మొత్తం మీద నాలుగు మాటలే పట్టేవి. ఈ ఏడాది ఆ నాలుగూ కూడా చూడడం మానేశారు. కొడుకు చేత ఏదో రాయించుకున్నారు, పని పూర్తయితే కంప్యూటర్ బీప్ అనేది. కొట్టడం, చెవి ఒగ్గి కూర్చోవడం. తప్పు పడితే కోడలు, అంటే మా అమ్మాయి, చదివి చెప్పేది. "ఇక్కడ రెండు ఎస్‌లు పడ్డాయి మామయ్యా." "పడనీ బిడ్డా, ఆని పేరు జర గట్టిగ ఇనవడ్తది." ఉద్యోగం కోసం వచ్చినవాళ్లకు మాత్రం తప్పు కాగితం ఎప్పుడూ ఇవ్వలేదు. మా అమ్మాయి చదివి సరే అన్నాకే ఇచ్చేవారు. తెరను నమ్మలేదు, చెవిని నమ్మలేదు, ఆమెను నమ్మారు.

ఆయన్ని తలుచుకుంటే నాకు చితి గుర్తుకు రావడం లేదు. పెళ్లిరోజు మధ్యాహ్నం గుర్తొస్తోంది. తాళి కట్టడం అయ్యాక పురోహితుడు పిల్లల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, మిట్టమధ్యాహ్నపు ఆకాశం వైపు వేలు చూపించి, అరుంధతి కనిపించిందా అని అడిగాడు. అల్లుడు కనిపించిందన్నాడు. అమ్మాయి కనిపించిందంది. మా కడప చుట్టాలు, వాళ్ల ఖాజాగూడ చుట్టాలు, అందరూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కనిపించింది, కనిపించింది అన్నారు. ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తోంది. పందిరి గుంజను పట్టుకుంటూ వియ్యంకుడు బయటికొచ్చి, మొహం పైకెత్తారు.

"ఏడ?" అన్నారు.

పురోహితుడు మళ్లీ వేలు చూపించాడు. ఆ వేలు ఎక్కడుందో కూడా ఆయనకు దొరకదని అక్కడ మా కొద్దిమందికే తెలుసు. అల్లుడు తల వంచుకున్నాడు. మా అమ్మాయి నా వైపు చూసింది.

"నాకైతె కనవడ్తలేదు. బావగారు, మీకు కనవడ్డదా? ఉన్నది ఉన్నట్టు జెప్పుండ్రి."

నేను చూశాను. గుట్టలు పగలగొడుతున్న దుమ్ముతో తెల్లబడిన ఆకాశం, అంతే.

"లేదు బావగారూ. నాకూ కనపళ్లేదు."

పురోహితుడు చిరాకుపడి లోపలికి వెళ్లిపోయాడు. జనం నవ్వుకుంటూ భోజనాలకు కదిలారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, ఆనుకోవడానికో, ఆపడానికో. ఇద్దరం ఎండలోనే నిలబడ్డాం. విస్తళ్లు వేశారు రమ్మని మా ఆవిడ పిలుస్తూనే ఉంది. ఆయన మాత్రం మొహం దించలేదు. తనకు మిగిలిన ఆ చిన్న బెజ్జంలోంచి ఆకాశాన్ని ఎడమ నుంచి కుడికి, కొంచెం కొంచెంగా, తొందర లేకుండా వెతుకుతూనే ఉన్నారు.